దేవదారును, గోడమీది మొక్కయు

చదువవలసిన భాగములు: 1 రాజులు 4:29–34, ఆదికాండము 2:15

ప్రియులారా, సొలొమోను జ్ఞానము అనగానే మనకు ఇద్దరు తల్లుల తగవే జ్ఞప్తికి వచ్చును. అయితే ఆ రాజు లెబానోను కొండలలోని మహావృక్షములనే గాక, గోడ పగులులో బ్రదుకు హిస్సోపును కూడ ఎరిగియుండెనని మన పాఠము తెలుపుచున్నది. ఏది ఎక్కడ ఎట్లు బ్రదుకునో ఎరుగుటయు జ్ఞానమే.

ఈ సంగతి నాకు బెంగుళూరు లాల్‌బాగ్ తోటలో బోధపడినది. సోమలనుండి మేము కొందరము పుంగనూరు, ములబాగల్ మీదుగా బస్సులో వెళ్లి దానిని చూచితిమి. 1760లో హైదరాలీ ప్రారంభించిన ఆ తోటకు ఆయన కుమారుడు టిప్పు సుల్తాను దూరదేశముల మొక్కలు తెప్పించెను. నేడది సుమారు 240 ఎకరములు. మనము కూర వండుకొను బెంగుళూరు వంకాయను ఆ ప్రాంతమున ప్రవేశపెట్టినవారు, తరువాతి కాలమున ఆ తోటకు అధికారిగా నుండిన జాన్ కామెరాన్.

ఆ తోటలో అంతటను ఒకటే తీరు లేదు. ఒకవైపు మూడువందల కోట్ల సంవత్సరముల నాటిదని శాస్త్రజ్ఞులు చెప్పు రాతిగుట్ట. దాని పగుళ్లలో చారెడు మన్నుతోనే గడ్డి బ్రదుకును. మరియొకవైపు చెరువు, తామరకొలను. తామర వేరు బురదలో నున్నను చావదు. దాని కాడలోని సన్నని గొట్టములగుండ గాలి అడుగువరకు దిగును. పెద్ద చెట్ల క్రింద నీడలేనిదే నిలువని మొక్కలున్నవి. 1889లో పునాది వేసిన అద్దాల మందిరమును కూడ చూచితిమి.

తిరిగివచ్చునప్పుడు ఆ ఊరిలో ఒక చిన్న ముండ్ల మొక్కను కొంటిని. ప్రేమకొలది దానికి ప్రతిదినము చెంబెడు నీళ్లు పోసితిని. నెల తిరుగకమునుపే మొదలు కుళ్లి పడిపోయెను. ఎడారి మొక్క తన కాండములోనే నీరు దాచుకొనును. నీరు ఆవిరియై పోకుండ దాని ఆకులే ముండ్లయినవి. నా ప్రేమలో లోపము లేదు, ఎరుకలో లోపము. ఆ ఎరుకలేని ప్రేమయే దానిని చంపెను.

అప్పుడు మా సంఘములోని ఒక విధవరాలు నాకు జ్ఞాపకమునకు వచ్చెను. ఆదివారము ఆలస్యముగా వచ్చుచున్నదని ఆమెను అందరియెదుట గద్దించితిమి. గద్దించినవారిలో నేనును ఒకడను. తెల్లవారుజామున టొమాటో కోతకు పోయి, ఆ కూలితో బిడ్డలను పోషించుకొనుచున్నదని ఎవరమును విచారింపలేదు. ఆమె రాకడయే మానుకొనెను. నేను వారి యింటికి పోయి క్షమాపణ వేడుకొంటిని. ఇప్పుడు సాయంకాలపు ప్రార్థనకు వచ్చుచున్నది.

ఆదామునకు తోటలో రెండు పనులు నియమింపబడెను: సేద్యము చేయుట, కాచుట. ఎరుగనిదానిని కాచుట యెట్లు? మన పుంగనూరు పొట్టి ఆవు కొద్దిమేతతోనే పాలిచ్చును. దానిని పెద్ద ఆవుతో పోల్చి నిందించు రైతు ఉండడు గదా! పశువుయెడల చూపు ఈ వివేకమును మనుష్యులయెడల చూపవద్దా?

ఆలోచింపవలసిన ప్రశ్నలు:
1. మన సంఘములో రాతిమీద బ్రదుకు మొక్కవంటివారు ఎవరు?
2. వారి స్థితిని విచారింపకయే మనము విధించిన నియమములేవి?
3. ఈ నెలలో ఎవరి యింటికి వెళ్లి, మాటలాడక ముందుగా వినెదము?