క్లోరోఫారము – హైదరాబాదు పరిశోధనము

విద్యార్థులారా! శస్త్రచికిత్సయందు రోగికి నొప్పి తెలియకుండుట నేఁడు సామాన్యవిషయము. 1847వ సంవత్సరమున ఎడింబరో నగరమందు సింప్సన్ అను వైద్యుఁడు ఇందులకై క్లోరోఫారమును వాడెను. నొప్పి తొలఁగెను గాని, ఆ మందు పీల్చిన వారిలో కొందఱు హఠాత్తుగ మరణించుచుండిరి. అట్టివారికి ముందుగ నాగునది శ్వాసయా, గుండెయా? ఈ ప్రశ్నకు సమాధానము మన తుర్కయాంజాలునకు సమీపమందలి హైదరాబాదుననే వెదకఁబడెను.

అచ్చటి వైద్యపాఠశాలకు ప్రధానాధ్యాపకుఁడగు ఎడ్వర్డు లారీ 1888, 1889 సంవత్సరములలో జంతువులపై పరీక్షలు జరిపించెను. రెండవ పరిశోధనమునకు నిజాము ప్రభువగు మీర్ మహబూబ్ అలీఖాన్ 1000 పౌనులొసఁగఁగా, లండనునుండి లాడర్ బ్రంటన్ అను వైద్యపండితుఁడు వచ్చి పాల్గొనెను. ముందాగునది శ్వాసయే యనియు, దానిని కనిపెట్టియున్న చాలుననియు వారు నిర్ణయించిరి. లారీ శిష్యులకు నట్లే బోధించెను. వారిలో రూపాబాయి ఫర్దూంజీ యను వనిత మత్తుమందిచ్చు విద్యలో ప్రసిద్ధికెక్కెను.

అయితే 1911లో గుడ్‌మన్ లీవీ యను ఆంగ్లవైద్యుఁడు పిల్లులపై పరీక్షించి, మందు స్వల్పముగ నిచ్చినపుడే గుండె గతితప్పి యాకస్మికముగ నాగవచ్చునని నిరూపించెను. పిదప క్లోరోఫారము వాడుక క్రమముగ తగ్గి అంతరించెను.

శ్వాసను కనిపెట్టవలెనన్న లారీ బోధ నేఁటికిని నిలిచియున్నది. అదియొక్కటే చాలునన్న మాట నిలువలేదు. గురువు చెప్పిన దానిని శ్రద్ధతో నేర్చుకొనుఁడు. నేర్చినదానిని మరల పరీక్షించుటకు వెనుదీయకుఁడు. రోగి ప్రాణము ఆ రెంటిపైనను ఆధారపడియుండును.