ప్రకృతి పాఠం – ప్రజాస్వామ్యం: అమెరికా తొలి సంరక్షణోద్యమ పరిశీలన

ప్రకృతి మానవునికి తొలి పాఠశాల అని పెద్దలంటారు. ఐతే ఆ పాఠశాల ఎవరిది? కొండ, కోన, అడవి, సెలయేరు ధనికుని సొత్తా, లేక ప్రజలందరి ఉమ్మడి సొత్తా? అందరిదీ ఐతే, దాని బాగోగులు తెలుసుకొనే బాధ్యత ఎవరిది? పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో అమెరికా దేశం ఈ ప్రశ్నలను ఎదుర్కొన్నది. అక్కడి ప్రకృతి సంరక్షణోద్యమాన్ని చట్టాల చరిత్రగా చదవడం పరిపాటి. కాని దానితోపాటు పల్లె బడులలో సాగిన మరొక చరిత్ర కూడ ఉన్నది. ఆ రెండింటికీ గల సంబంధాన్ని విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉమ్మడి సొత్తు

1864వ సంవత్సరం జూన్ 30వ తేదీన, అంతర్యుద్ధం ఇంకా ముగియకముందే, అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఒక చట్టంపై సంతకం చేశాడు. దాని ప్రకారం యోసిమిటీ లోయ, దానికి దక్షిణాన గల మహావృక్షాల వనం ప్రజల వినియోగార్థం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించబడినవి. మరుసటి ఏడు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఆ లోయ గురించి ఒక నివేదిక రచించాడు. పాత దేశాలలో రమణీయ స్థలాలు కొద్దిమంది సంపన్నుల ప్రహరీ గోడల నడుమ చిక్కుకొన్నాయనీ, అటువంటి సౌందర్యాన్ని సామాన్యునికి అందుబాటులో ఉంచడం ప్రజాప్రభుత్వ విధి అనీ దాని సారాంశం.

1872లో ఎల్లోస్టోన్ ప్రాంతం జాతీయోద్యానమైనది. 1901 నుండి 1909 వరకు అధ్యక్షుడుగా ఉన్న థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలంలో సుమారు 23 కోట్ల ఎకరాల ప్రభుత్వ భూమికి రక్షణ లభించింది. 1905లో ఏర్పడిన అటవీ సేవా సంస్థకు గిఫర్డ్ పిన్షో తొలి అధిపతి. అడవి కొద్దిమంది తక్షణ లాభానికి కాక, అత్యధిక సంఖ్యాకుల దీర్ఘకాలిక శ్రేయస్సుకు ఉపకరించవలెనన్నది ఆయన సూత్రం.

ఇవి ఘనమైన కార్యాలే. కాని అధ్యక్షుడు పదవీకాలం ముగిసిన తరువాత ఇంటికి వెళ్ళిపోతాడు. పిమ్మట ఆ అడవిని కాపాడవలసినది ఓటరు. అడవి ముఖమే ఎరుగని ఓటరు దానిని ఎట్లా కాపాడగలడు? ఈ ప్రశ్నకు సమాధానం శాసనసభలో లేదు, బడిలో ఉన్నది.

పల్లె బడిలో ప్రకృతి పాఠం

1893లో సంభవించిన ఆర్థిక సంక్షోభంలో న్యూయార్క్ రాష్ట్రపు రైతులు బ్రతుకుతెరువుకై నగరాలకు వలస పోసాగారు. పల్లె పిల్లలకు తమ చుట్టూ ఉన్న ప్రపంచంపై ఆసక్తి కలిగించడం దీనికి ఒక పరిష్కారమని కొందరు తలపోశారు. ఆ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయం ఈ పనికి పూనుకొన్నది. ఉద్యానశాస్త్ర ఆచార్యుడు లిబర్టీ హైడ్ బెయిలీ, ఆనా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ ఇందుకు సారథ్యం వహించారు. ఉపాధ్యాయుల కొరకు చిన్న చిన్న పాఠ పత్రాలు వెలువడినవి. పిల్లలకు ప్రకృతి సంఘాలు ఏర్పడినవి. ఆ సంఘాల సభ్యత్వ రుసుము డబ్బు కాదు; తాము కన్నులారా చూచిన విషయాలను గురించి ఒక ఉత్తరం! పిల్లలు ‘అంకుల్ జాన్’ అని పిలుచుకొనే జాన్ స్పెన్సర్ ఆ ఉత్తరాలను అందుకొనేవాడు.

1911లో కామ్‌స్టాక్ రచించిన ‘ప్రకృతి పాఠాల కరదీపిక’ వెలువడింది. తొమ్మిది వందలకు పైగా పుటలు గల ఆ గ్రంథం వల్ల నష్టమే మిగులుతుందని ఆమె భర్త సైతం భావించాడట! ఐనా 1939 నాటికి అది ఇరవై నాలుగవ కూర్పునకు చేరింది. నేటికీ ముద్రణలో ఉన్నది. కోడి, కప్ప, వానపాము, పెరటిలోని కలుపు మొక్క ఇందులోని పాఠ్య వస్తువులు. దూరదేశపు సింహం కొరకు వెదకనక్కరలేదు. నిరుపేద పిల్లవాని గుమ్మం ముందే పాఠం సిద్ధంగా ఉంటుంది. పాఠంలో సమాధానాల కంటె ప్రశ్నలే అధికం. వాటికి జవాబులు పుస్తకంలో కాక ఆ ప్రాణిని చూచి తెలుసుకోవలెను.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఆమె ఉపాధ్యాయులకిచ్చిన ఒక సలహా. పిల్లవాడు అడిగిన దానికి జవాబు తెలియకపోతే, తెలియదని చెప్పడానికి సంకోచించవద్దనీ, ఇద్దరూ కలిసి వెదకవలెననీ ఆమె బోధించింది. ప్రజాస్వామ్యపు ఆయువుపట్టు ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయం. వానపాము ఎదుట గురువుకు గాని శిష్యునికి గాని అధికారం లేదు. ఉన్నదాన్ని ఉన్నట్లు చూచినవాని మాటే అక్కడ చెల్లుతుంది. పదేళ్ళ వయస్సులో ఈ అలవాటు పడినవాడు, పెద్దవాడైన తరువాత ఎంతటివాని మాటనైనా పరీక్షించకుండా స్వీకరించడు.

ఆదర్శం – ఆచరణ

ఐతే ఈ ఉద్యమాన్ని కీర్తించి ఊరుకోవడం న్యాయం కాదు. ‘అందరిదీ’ అన్న మాటలో అందరూ లేరు. యోసిమిటీ లోయను ప్రజలకు అంకితం చేయడానికి పదమూడేళ్ళ ముందే, 1851లో, తరతరాలుగా అక్కడ నివసించిన అవానీచీ ప్రజలను సాయుధ దళం తరిమివేసింది. నల్లజాతి పిల్లలకు దక్షిణ రాష్ట్రాలలో బడులే వేరు. టస్కీగీ విద్యాసంస్థలో జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అట్టి గ్రామీణ పాఠశాలల కొరకు ప్రకృతి పాఠాలను రచించవలసి వచ్చింది. ఇక కామ్‌స్టాక్ మాటకొస్తే, స్త్రీ అయిన కారణంగా విశ్వవిద్యాలయ ధర్మకర్తలు ఆమెకిచ్చిన ఆచార్య హోదాను ఉపసంహరించారు. పూర్తి ఆచార్య పదవి 1920లో గాని దక్కలేదు. రేపటి పౌరులను తీర్చిదిద్దే గ్రంథం వ్రాసిననాటికి దేశాధ్యక్షుని ఎన్నికలో ఆమెకు ఓటు లేదు!

ఉపసంహారం

ఈ పాఠాలు వృథా పోలేదు. ప్రకృతి పాఠ ఉద్యమంవల్ల ప్రభావితురాలైన ఒక తల్లి పెన్సిల్వేనియాలో తన కూతురును పొలాల వెంట, తోటల వెంట త్రిప్పింది. ఆ బిడ్డ రేచల్ కార్సన్. 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథంలో ఆమె క్రిమిసంహారక మందుల గురించి ప్రభుత్వాన్నీ, పరిశ్రమలనూ నిలదీసింది. పదేళ్ళకు, 1972లో, అమెరికాలో డి.డి.టి. వాడకం దాదాపుగా నిషేధించబడింది.

మన దేశంలోనూ ఈ ఆలోచన లేకపోలేదు. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్ అధ్యక్షతన వార్ధా విద్యాసంఘం రూపొందించిన ప్రాథమిక విద్యా ప్రణాళికలో ప్రకృతి పరిశీలనకు స్థానం కలదు.

ప్రబంధాలలోని వనవర్ణనలు బోధించేటపుడు పొన్న, పొగడ, మోదుగ అని చెట్ల పేర్లను వరుసగా చదువుతాము. విద్యార్థులు వాటిని కంఠస్థం చేసి పరీక్షలో మార్కులు పొందుతారు. బయట నిలిచిన చెట్టును చూపి దీని పేరేమని అడిగితే మాత్రం తరగతి యావత్తూ మౌనం వహిస్తుంది. కొన్ని చెట్ల విషయంలో ఆ మౌనం నాది కూడ. కామ్‌స్టాక్ చెప్పినట్లు, తెలియదని ఒప్పుకొని ఆ చెట్టు క్రిందికి కలిసి వెళ్ళడమే మనం చేయదగిన మొదటి పని.