దిగివచ్చు వేళ

పాఠ్యభాగములు: 1 రాజులు 18:41–19:18, సంఖ్యాకాండము 14:39–45, ఆదికాండము 33:12–14, మార్కు 9:2–29

ముఖ్యాంశము: దేవుడు తన సేవకులను కొండమీదికి పిలుచును, అక్కడనుండి మనుష్యులయొద్దకు తిరిగి పంపును.

ఉపోద్ఘాతము

జంషెడ్‌పూర్‌లోని సాక్చీనుండి సువర్ణరేఖ నదిమీది వంతెన దాటినయెడల మాంగో వచ్చును. మాంగోకు ఆవల, ఆకాశపు అంచున నీలిగోడవలె కనబడునదే దల్మా కొండ. 1907లో టాటా ఉక్కు కంపెనీ స్థాపింపబడిన తరువాత శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బ్రదుకుతెరువు వెదకుకొనుచు వచ్చిన తెలుగు కుటుంబములు అనేకములు తరతరములుగా ఈ కొండను చూచుచు జీవించుచున్నవి.

కొండలను గూర్చి ప్రసంగించువారు సాధారణముగా శిఖరమును గూర్చియే ప్రసంగింతురు. పట్టుదల విడువకుము, వెనుదిరుగకుము, పైకి చేరుము అని హెచ్చరింతురు. ఆ హెచ్చరిక మంచిదే. అయితే ఉదయమునుండి సాయంకాలమువరకు కొండ ఎక్కి దిగినవానికి మరియొక సంగతి తెలియును. శిఖరము ఆ దినపు ప్రయాణములో సగము మాత్రమే. మిగిలిన సగమునకు బలమును, వెలుగును, సమయమును దాచియుంచనివాడు కొండ ఎక్కుట ఇంకను నేర్చుకొనలేదు. పరిశుద్ధ గ్రంథములోని కొండలును ఈ పాఠమునే బోధించుచున్నవి.

1. మేఘమును గుర్తించుట

దల్మా శిఖరము సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. హిమాలయములతో పోల్చినయెడల ఇది చిన్న కొండయే. అయినను ఉదయమున మాంగోనుండి బయలుదేరి కాలినడకన పైకి పోవువారికి ఇది దినమంతటి పని. క్రింద గుగ్గిలపు చెట్లు, ఇప్ప చెట్లు, తునికి చెట్లు, వెదురు పొదలు దట్టముగా నుండును. బాట నిటారైనచోట రాళ్లను చేతులతో పట్టుకొని పాకవలెను. ఏనుగులు సంచరించు అభయారణ్యమగుటచేత అటవీశాఖవారి నియమములకు లోబడవలెను. వెయ్యి మీటర్లు ఎక్కిన కొలది సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడిమి తగ్గును గనుక క్రింద చెమటతో బయలుదేరినవాడు పైన గాలికి వణకును.

చైత్ర వైశాఖ మాసములలో ఉదయపు ఆకాశమును నమ్మి ఎక్కువారికి మధ్యాహ్నమున అపాయము వచ్చును. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి ఎండకు కాగి, బంగాళాఖాతమునుండి వచ్చిన తేమగాలి పైకి లేచి, వాయవ్యదిక్కున నల్లని మేఘము పుట్టును. కొద్దిసేపటిలో ధూళి, పెనుగాలి, ఉరుములు, పిడుగులు, వడగండ్లు ఒకదానివెంట ఒకటి వచ్చును. దీనినే అక్కడివారు కాలవైశాఖి అందురు. మెరుపు కనబడిన తరువాత ఉరుము వినబడువరకు లెక్కింపవలెను. ధ్వని మూడు సెకండ్లకు సుమారు ఒక కిలోమీటరు ప్రయాణించును. ముప్పది సెకండ్లలోపల ఉరిమినయెడల పిడుగు పడు ప్రమాదము సమీపించినదని యెంచి శిఖరమును, ఒంటరి చెట్టును విడిచి దిగవలెను.

పడమట మేఘము లేచుట చూచి వాన వచ్చునని చెప్పగల జనులు తమ కాలమును ఏల గుర్తింపలేకపోయిరని ప్రభువు అడిగెను (లూకా 12:54–56). ఆయన ఆకాశమును చదువు జ్ఞానమును తప్పుపట్టలేదు. ఆ జ్ఞానమును ఆత్మీయ విషయములలో వాడనందుకు గద్దించెను. ఏలీయా కర్మెలు శిఖరమున ప్రార్థించుచు సేవకుని ఏడు మారులు సముద్రమువైపు చూచుటకు పంపెను. ఏడవ మారు అరచేయియంత చిన్న మేఘము కనబడగానే ఆయన అహాబునకు పంపిన వర్తమానమేమి? వర్షము అడ్డగింపకమునుపే రథము సిద్ధపరచుకొని దిగిపొమ్మనియే. ప్రార్థించిన ప్రవక్తయే వాతావరణమును గమనించెను. విశ్వాసము కన్నులు మూయదు.

2. మరలుటకు నియమించిన గంట

అనుభవముగల పర్వతారోహకులు బయలుదేరకమునుపే ఒక గంటను నిర్ణయించుకొందురు. ఆ గంటకు శిఖరము ఎంత దగ్గరనున్నను వెనుకకు మరలవలెను. ఈ నిర్ణయమును క్రిందనే చేసికొనుటకు కారణమున్నది. పైకి చేరిన కొలది అలసట వివేకమును మందగింపజేయును. కన్నులకు కనబడు శిఖరము ఆశను రేపును. దిగునప్పుడు కాళ్లు వణకును, మోకాళ్లు దేహభారమంతయు మోయును, తడిసిన రాయి అడుగును జార్చును. అప్పటికి వెలుగు తరిగినయెడల అపాయము రెట్టింపగును.

నేర్పరులకు సహితము పర్వతము లోబడదు. నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండముల ఉన్నత శిఖరములను 172 దినములలో ఎక్కిన ధీరుడు. ఆయన 2015 మార్చి నెలలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో ప్రతికూల వాతావరణములో చిక్కి ప్రాణము కోల్పోయెను. ఆయనకు ధైర్యము కొదువ యని గాని నేర్పు కొదువ యని గాని ఎవరును చెప్పజాలరు. మనుష్యుడు ఎంతటివాడైనను గాలిమీదను మంచుమీదను అతనికి అధికారము లేదనుటకు ఇది సాక్ష్యము.

అయితే దేవుని మాటనే త్రోసివేసి ఎక్కుట వేరొక సంగతి. కాదేషులో ఇశ్రాయేలీయులు దేవుడు పొమ్మన్న దినమున పోలేదు. వద్దన్న దినమున కొండ శిఖరమునకు ఎక్కిపోయిరి. నిబంధన మందసమును మోషేయును పాళెమునుండి కదలలేదు. వారు పైకి పోయిన మాట నిజమే గాని ఓడిపోయి తరుమబడిరి. పైకి పోవుట ఎల్లప్పుడు విశ్వాసము కాదు. మరలిపోవుట ఎల్లప్పుడు అవిశ్వాసమును కాదు. ఆజ్ఞ ఎటువైపున్నదో అటువైపు నడుచుటయే విశ్వాసము. ఒక పరిచర్యను, ఒక పదవిని, ఒక వ్యాపారమును దేవుడు చాలించుమన్నప్పుడు చాలించుటకు ఎక్కుటకంటె ఎక్కువ ధైర్యము కావలెను.

3. వెనుకబడినవారు

1984 మే 23న మధ్యాహ్నము 1 గంట 7 నిమిషములకు ఎవరెస్టు శిఖరమును చేరిన బచేంద్రీ పాల్, ఆ శిఖరమెక్కిన మొదటి భారతీయ స్త్రీ. ఆమె తరువాత జంషెడ్‌పూర్‌లోని టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్‌కు అనేక సంవత్సరములు నాయకత్వము వహించెను. శిఖరముమీద ఆమె గడపినది 43 నిమిషములు మాత్రమే. అయితే ముందటి దినమున జరిగినదానిని విశ్వాసి మరి యెక్కువగా ధ్యానింపవలెను. సుమారు 7,900 మీటర్ల ఎత్తుననున్న సౌత్ కోల్ శిబిరమునకు ఆమె ముందుగా చేరెను. ముగ్గురు సహచరులు బరువులు మోయుచు చాల వెనుకబడియుండిరి. ఆమె ఒక ఫ్లాస్కులో పండ్లరసమును, మరియొక ఫ్లాస్కులో వేడి తేనీరును నింపుకొని, పెనుగాలిలో తాను ఎక్కివచ్చిన మంచు త్రోవనే తిరిగి దిగి వారికి ఎదురుపోయెను. మరునాడు శిఖరమెక్కుటకు బలము కూడబెట్టుకొనవలసిన మధ్యాహ్నమున ఆమె ఆ బలమును ఇతరులకొరకు వ్యయపరచెను.

ఏశావు కలిసి వేగముగా పోవుదమనగా యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చునవి ఉన్నవి, ఒక్క దినము వడిగా తోలినను మంద చచ్చునని చెప్పి, పిల్లల నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను. బృందము యొక్క వేగము ముందు నడుచువాని వేగము కాదు. అందరికంటె వెనుకనున్నవాని వేగమే. సంఘమునకును ఇదియే కొలత. ఉజ్జీవకూటములలో ముందు వరుసనున్నవారిని లెక్కించుట సులభము. మూడు ఆదివారములనుండి రాని విధవరాలు, రాత్రి షిఫ్టు చేసి ఆరాధనలో కునుకుపాట్లు పడు కార్మికుడు, తెలుగు చదువనేరని మూడవ తరపు యౌవనస్థుడు ఎక్కడ ఆగిపోయిరో చూచుటకు ఎవరైనను దిగిపోవలెను.

4. కొండక్రింద వేచియున్నవాడు

రూపాంతరపు కొండ హెర్మోను అని కొందరును, తాబోరు అని కొందరును తలంతురు. మార్కు దాని పేరు చెప్పక, ఎత్తయిన కొండ అని మాత్రమే చెప్పెను. అక్కడ పేతురు మూడు పర్ణశాలలు కట్టుదుమనెను. మహిమ కనబడినచోట నిలిచిపోవలెనని కోరుట సహజమే. అయితే మేఘము వారిని కమ్మెను. కుమారుని మాట వినవలెనను స్వరము వచ్చెను. తరువాత యేసు తప్ప మరెవరును కనబడలేదు. ఆ యేసు దిగుచుండెను. కొండక్రింద ఒక తండ్రి, వ్యాధిగ్రస్తుడైన కుమారునితో వేచియుండెను. మిగిలిన శిష్యులు చేతగాక నిలిచియుండిరి. కొండమీద పర్ణశాలలు లేచియున్నయెడల ఆ తండ్రి కన్నీటికి జవాబేది?

ఏలీయా హోరేబునకు ఎక్కినప్పుడును ఇట్లే జరిగెను. గాలి వచ్చెను, భూకంపము కలిగెను, అగ్ని పుట్టెను. వాటి తరువాత మిక్కిలి నిమ్మళమైన స్వరము వినబడెను. ఆ స్వరము అతనిని గుహలో ఉండుమనలేదు. వచ్చిన త్రోవనే మరలి పొమ్మనెను. దమస్కులో పని యుండెను, ఎలీషా పొలములో వేచియుండెను. మోషేకును సీనాయిమీద దిగిపొమ్మను ఆజ్ఞయే కలిగెను (నిర్గమ 32:7). దేవుని సన్నిధి సేవకుని దాచియుంచుకొనదు; నింపి పంపును.

సాయంకాలమున దల్మానుండి దిగువారికి డిమ్నా సరస్సు, దాని ఆవల పట్టణపు దీపములు కనబడును. కొండమీదనుండి పట్టణము చిన్నదిగాను అందముగాను కనబడును. దిగివచ్చినవానికే అందలి ఇరుకు వీధులును, రోగులును, అప్పులలో మునిగిన ఇండ్లును కనబడును. క్రీస్తు పరమునుండి మన మధ్యకు దిగివచ్చినది దూరమునుండి చూచుటకు కాదు, దగ్గరనుండి రక్షించుటకే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. అరచేయియంత మేఘమును చూచి ఏలీయా ఏమి చేసెను? నేటి విశ్వాసి గమనింపవలసిన చిన్న గురుతులు ఏవి?

2. కాదేషులో ఇశ్రాయేలీయుల సాహసమునకును విశ్వాసమునకును భేదమేమి?

3. ఈ సంఘములో వెనుకబడినవారెవరు? ఈ వారములో వారికి ఎదురుపోవువారెవరు?

ప్రార్థనాంశము

ఎక్కుటకు బలమును, మరలుటకు విధేయతను, దిగివచ్చుటకు ప్రేమను ప్రభువు తన సంఘమునకు దయచేయునట్లు ప్రార్థింపవలెను.