ఇంట్లో తెలుగు, పుస్తకంలో పైథాన్

కోయంబత్తూరు, మదురై తెలుగిళ్లలో ఎవరైనా పిల్లో పిల్లాడో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటానంటే నేను మొదట అడిగేది: ఏ లిపి గబగబా చదవగలవమ్మా? నాయకరాజుల నాటి నుంచీ ఇక్కడున్న కుటుంబాల్లో మాట తెలుగే. బడి మాత్రం తమిళమో, ఇంగ్లీషో. తమిళనాడు 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక, తెలుగు మాట్లాడుతూ అక్షరాలు రాని పిల్లలు కొత్తేమీ కాదు. హైదరాబాదు నుంచి తెలుగు పుస్తకం తెప్పించినా అది బీరువా చేరుతుంది. తెలుగు చెవికి పనికొస్తుంది. యూట్యూబులో తెలుగు పాఠం వినండి, కంటికి తమిళమో ఇంగ్లీషో పెట్టుకోండి.

పుస్తకానికి దుకాణం దాకా వెళ్లక్కర్లేదు. తమిళనాడు ప్రభుత్వ కంప్యూటర్ సైన్స్ పాఠ్యపుస్తకాలు రెండు మాధ్యమాల్లోనూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2018లో మారిన ప్లస్ ఒన్ (పదకొండో తరగతి) పుస్తకం సి ప్లస్ ప్లస్ నేర్పుతుంది, మరుసటేడు వచ్చిన ప్లస్ టు (పన్నెండో తరగతి) పుస్తకం పైథాన్ నేర్పుతుంది. తమిళ మాధ్యమం వాళ్లు ఇంగ్లీషు ప్రతి కూడా పక్కన తెరిచి ఉంచుకోవాలి. తప్పు చేసినప్పుడు కంప్యూటర్ తిట్టేది ఇంగ్లీషులోనే మరి.

పరీక్ష రాసేవాళ్లకు వరస మార్చే వీలు లేదు. సరదాకి నేర్చుకునేవాళ్లు మాత్రం పైథాన్‌తో మొదలుపెట్టడం మేలు. ప్లస్ టు పుస్తకం తెరిచి మొదటి నాలుగు అధ్యాయాలు దాటేయండి. అవి సిద్ధాంతం. వాటిలోని కొన్ని ఉదాహరణలు అసలు పైథానే కావు. అవి టైపు చేసి, పనిచేయలేదని దిగులుపడతారు పాపం. అయిదో అధ్యాయం నుంచి కంప్యూటర్ ముందు కూర్చోండి.

అన్నయ్య వాడిన పాత పుస్తకం చేతికొస్తే వెంటనే పరీక్షించండి. పైథాన్ పుస్తకంలో ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేకపోతే అది రెండో వెర్షన్‌ది. దానికి 2020తో మద్దతు ఆగిపోయింది. సి ప్లస్ ప్లస్ పుస్తకంలో మొదటి ప్రోగ్రామే కోనియో.హెచ్, క్లియర్‌స్క్రీన్‌లతో మొదలైతే అది టర్బో సి ప్లస్ ప్లస్ అనే పాత కంపైలర్ కాలం నాటిది, పాత సామాన్లవాడికి ఇచ్చేయొచ్చు.

భాషల తేడా తెలియాలంటే 7ని 2తో భాగించండి. ఇప్పటి పైథాన్ 3.5 అంటుంది. సి ప్లస్ ప్లస్ 3 అని ఊరుకుంటుంది, రెండూ పూర్ణాంకాలు కాబట్టి జవాబూ పూర్ణాంకమే అన్నది దాని లెక్క. పైథాన్‌లోనూ రెండు వాలు గీతలు (//) పెట్టి భాగిస్తే 3 వస్తుంది. ఎందుకలా అని ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పి చూడండి. నోరు తడబడిన చోట పాఠం మళ్లీ చదవాలి.

తమిళ పదాలతోనే ప్రోగ్రాములు రాసే ఎళిల్ అనే భాష కూడా ఉంది. ఒక సాయంత్రం ఆడుకోవడానికి బాగుంటుంది, ఉద్యోగానికి కాదు.

కోయంబత్తూరులో మోటార్లు, పంపుల పని ఇంటిపనిలాంటిది. పారిశ్రామికవేత్త జి.డి. నాయుడు 1937లోనే ఇక్కడ విద్యుత్ మోటారు తయారు చేయించాడు. ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు పైథాన్ తర్వాత సి వైపు తిరగాలి. కంట్రోలర్ చిప్పుల్లో దాని రాజ్యమే నడుస్తోంది, ఆర్డుయినో బోర్డుల్లో రాసేదీ సి ప్లస్ ప్లస్సే. సి మీద కర్నిఘన్, రిచీలు రాసిన పుస్తకం, 1988 నాటి రెండో కూర్పు కొనండి. సన్నటి పుస్తకమే గానీ, చరరాశులూ లూపులూ ముందే తెలుసనుకుని రాసింది, కాబట్టి దాన్ని మొదటి పుస్తకంగా ఎవరికీ కొనివ్వకండి.