కణాలు చచ్చాయని సంబరపడే ముందు

కేన్సర్ జీన్‌ను అణచే ప్రాజెక్టులో కొత్తగా చేరారా? శామీర్‌పేట కంపెనీలో అసోసియేట్‌గా అయినా, యూనివర్సిటీ ల్యాబ్‌లో జేఆర్‌ఎఫ్‌గా అయినా, సీనియర్ చేతిలో పెట్టిన చిన్న ట్యూబు మూత తీయకముందే ఒకటి అడగండి: ఇందులో ఉన్నది ఏ రకం అణువు?

పీఎన్‌ఏ (పెప్టైడ్ న్యూక్లిక్ యాసిడ్) అనుకోండి. 1991లో కోపెన్‌హాగన్‌లో పీటర్ నీల్సన్ బృందం చేసిన అణువు ఇది. చక్కెర, ఫాస్ఫేట్ ఉండాల్సిన చోట పెప్టైడ్‌ను పోలిన గొలుసు ఉంటుంది. అందుకే న్యూక్లియేజులు దాన్ని కొరకలేవు. చిక్కల్లా కణంలోకి పంపడంలోనే. ఛార్జి లేదు కాబట్టి మామూలు ట్రాన్స్‌ఫెక్షన్ రీజెంట్‌కు అంటుకోదు. తనంతట తాను లోపలికి పోవడమూ అంతంతమాత్రమే. పైగా ఎంఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైము ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్‌ను రప్పించదు కనక ఎంఆర్‌ఎన్‌ఏ తెగకపోవచ్చు, ప్రోటీన్ తయారీ మాత్రం ఆగుతుంది. ఈ సంగతి తెలియకపోతే, క్యూపీసీఆర్‌లో తేడా రాలేదని బాగా పనిచేసిన ప్రయోగాన్నే ఫెయిలంటూ నోట్‌బుక్‌లో రాసేస్తారు. వెస్టర్న్ బ్లాట్ చూడండి, అదీ 24 గంటలకే కాదు. పాత ప్రోటీన్ అరిగిపోవడానికి టైం పడుతుంది, 48, 72 గంటలకూ శాంపిల్ తీయండి. అదే ట్యూబులో ఉన్నది ఎల్‌ఎన్‌ఏ గ్యాప్‌మర్ అయితే, దాని నడుమ డీఎన్‌ఏ ఉంటుంది కనక ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ వస్తుంది, ఎంఆర్‌ఎన్‌ఏ తెగుతుంది. దాని ఫలితం క్యూపీసీఆర్‌లోనే కనబడాలి.

కంట్రోల్ సీక్వెన్సులను ఆర్డరు పెట్టే రోజే అడగండి, తర్వాత అడిగితే బడ్జెట్ లేదంటారు. ఒకే జీన్‌పై వేర్వేరు చోట్ల కూర్చునే రెండు సీక్వెన్సులు, రెండు మూడు అక్షరాలు మార్చిన ఒక మిస్‌మ్యాచ్, కలగాపులగం చేసిన ఒకటి. ఇది చాదస్తం కాదు. రొమ్ము కేన్సర్ కణాలు మెల్క్ అనే జీన్ లేకుండా బతకలేవని ఆర్‌ఎన్‌ఏఐ ప్రయోగాలు చెబితే, దానిపై పనిచేస్తుందంటూ ఓటీఎస్167 అనే మందు క్లినికల్ ట్రయల్స్ దాకా వెళ్ళింది. 2017లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధకులు క్రిస్పర్‌తో ఆ జీన్‌ను తీసేసి చూస్తే కణాలు ఎప్పటిలాగే పెరిగాయి. మెల్క్ లేని కణాలను కూడా ఆ మందు చంపింది! అంటే దాని గురి ఇంకెక్కడో ఉంది.

మీ కణాలకు మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా సోకిందేమో చూసే టెస్టు ఎప్పుడు చేశారో కూడా కనుక్కోండి. ఎవరూ సంతోషంగా జవాబివ్వరు, అయినా అడగండి.

రేపు ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకి వెళితే టెక్నిక్‌ల జాబితా ఏకరువు పెట్టకండి. జీన్ అణిగిందని ఎలా తేల్చారో, ఏ కంట్రోల్ ఏ అనుమానం తీర్చిందో చెప్పండి. సీక్వెన్సులు, బ్లాట్ ఫోటోలు మాత్రం చూపించకండి. అవి పాత కంపెనీ సొత్తు, మీరు సంతకం పెట్టిన కాగితంలో ఆ షరతు ఉండే ఉంటుంది.