ఇంటి కీర్తనకు ఒక హద్దు

భద్రాద్రి యాత్ర ముగించుకొని మరలే భక్తులలో అనేకులకు వేకువనే ఇంటి స్టీరియోలో రామదాసు కీర్తనలు వినడం అలవాటు. అది శుభప్రదమే. అయితే ఆ పెట్టె శబ్దానికి గరిష్ఠ హద్దును ముందుగానే ఏర్పరచుకోవడం గృహస్థధర్మమని గ్రహించాలి.

ధ్వని తీవ్రతను డెసిబెళ్లలో కొలుస్తారు. 10 డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి 10 రెట్లవుతుంది. చెవికి మాత్రం సుమారు రెట్టింపైనట్లే తోస్తుంది. కనుకనే హాని తెలియకుండా జరిగిపోతుంది. 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. 90 డెసిబెళ్లయితే 4 గంటలే.

2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. ఇంటి ధ్వనిపరికరం శబ్దం ఆ ఇంటి సరిహద్దు వద్ద దీనిని 5 డెసిబెళ్లకు మించి దాటరాదు. ఉదయం 6 గంటల వరకు రాత్రిగానే లెక్క. కాబట్టి మన బ్రాహ్మీముహూర్త శ్రవణానికి రాత్రి పరిమితియే వర్తిస్తుంది. ఖమ్మం, భద్రాచలం నడుమ అడవి అంచు పల్లెలలో వాహనాల రొద తక్కువ. గాలి నిలిచిన చల్లని రాత్రులలో నేలను ఆనుకొని శబ్దం మరింత దూరం పోతుంది. పగలు వినబడని పాట వేకువన పొరుగు పసిబిడ్డను లేపగలదు.

హద్దును నిర్ణయించే విధానమిది. ఫోను నుండి పాట వచ్చేటట్లయితే ముందుగా ఫోను శబ్దాన్ని పూర్తిగా పెంచండి. మీ వద్దనున్న వాటిలో అత్యంత బిగ్గరగా వినిపించే పాటను ఎంచుకోండి. వేకువవేళ తలుపులు తెరచి, ఒకరు ప్రహరీ వద్ద నిలబడండి. పూజగదిలో సాహిత్యం స్పష్టంగా వినబడుతూ, ప్రహరీ వద్ద పదాలు తెలియనంత వరకు తగ్గించండి. అనేక యాంప్లిఫయర్లలో గరిష్ఠ శబ్దాన్ని నిర్ణయించే సదుపాయం ఉంటుంది, అక్కడే నిలపండి. లేనిచో మీటపై రంగుచుక్క పెట్టి, ఇంటిల్లిపాదికీ చూపండి. స్పీకరును గోడమూలకు ఆనించకండి. మూల మంద్రధ్వనిని పెంచుతుంది, ఆ ధ్వనియే గోడలు దాటుతుంది.

బిగ్గరగా చేసే జపం కంటె పెదవులు మాత్రమే కదిలే ఉపాంశువును, దానికంటె మానసికాన్ని మనుస్మృతి ఉత్తమమన్నది. గోపన్న గోల్కొండ చెరసాలలో ఆలపించిన ఆర్తి ఏ యంత్రం సాయమూ లేకుండానే రామునికి చేరినదని మన విశ్వాసం. మన కీర్తన పొరుగువారి నిద్రను భంగపరచి చేరనవసరం లేదు.