ఐవీఎఫ్‌కు ముందు ఆ ట్యూబు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 36. పెళ్లయి ఏడేళ్లయింది. ఐయూఐ మూడుసార్లు చేయించుకున్నా ఫలితం లేదు. ఏఎంహెచ్ 1.2 ఉంది. స్కానింగులో ఎడమ ట్యూబులో నీరు చేరిందన్నారు. నా బరువు 78 కిలోలు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మావారికి వీర్య పరీక్ష రెండేళ్ల కిందట చేశారు, బాగానే ఉందన్నారు. ఆయనకు గుట్కా అలవాటుంది. ఐవీఎఫ్ చేస్తే 70 శాతం గ్యారంటీ అంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఐవీఎఫ్‌కు గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరమ్మా. ఆ 70 శాతం ఎవరి లెక్కో అడగండి. ప్రెగ్నెన్సీ టెస్టు పాజిటివ్ వచ్చినవాళ్లదా, బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్లినవాళ్లదా? ఈ రెండింటి మధ్య గర్భస్రావాలుంటాయి. పాతికేళ్లవాళ్లనూ, దాతల అండాలు తీసుకున్నవాళ్లనూ కలిపేస్తే అంకె ఇంకా పెరుగుతుంది. మీ వయసులో, సొంత అండాలతో చికిత్స మొదలుపెట్టినవాళ్లలో ఎందరికి బిడ్డ పుట్టిందన్నదే మీకు కావలసిన లెక్క.

ఫలితాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది స్త్రీ వయసు. 35 దాటాక అండాల్లో క్రోమోజోముల లోపాలు పెరుగుతూ వస్తాయి. ఏఎంహెచ్ అండాల నిల్వను సూచిస్తుందే తప్ప నాణ్యతను చెప్పదు. 1.2 అంటే ఇంజెక్షన్లు ఇచ్చినా అండాలు కాస్త తక్కువ రావచ్చు. ఆశ వదులుకోవలసిన అంకె మాత్రం కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ట్యూబులోని నీరు. అది గర్భాశయంలోకి ఊరుతుంటే పిండం అంటుకోవడం కష్టం. ఐవీఎఫ్ ఫలించే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే పిండాన్ని లోపల పెట్టడానికి ముందే లాప్రోస్కోపీతో ఆ ట్యూబును తీసేయడమో, గర్భాశయం దగ్గర మూసేయడమో చేస్తారు. మీకు నిల్వ తక్కువ కాబట్టి ముందు అండాలు సేకరించి, పిండాలను ఫ్రీజ్ చేసి, తర్వాత ఆపరేషన్ చేయడం మేలవుతుందేమో మీ డాక్టరును అడగండి. మన దేశంలో ట్యూబులు ఇలా పాడవడానికి టీబీ ఒక ముఖ్య కారణం. దగ్గు, జ్వరం ఏమీ లేకపోయినా అది గర్భాశయం లోపలి పొరను కూడా దెబ్బతీసి ఉండవచ్చు. ఆ పరీక్ష అడిగి చేయించుకోండి.

మీవారి రిపోర్టు పాతబడింది. మళ్లీ పరీక్ష చేయించాలి. మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల శుక్రకణాలుండటం కనీస ప్రమాణం, వాటి కదలికా చూడాలి. శుక్రకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఆయన గుట్కా ఈరోజు మానేస్తే తేడా మూడు నెలలకు గానీ తెలియదు. సూదులూ ఆపరేషన్లూ మీరు భరిస్తున్నప్పుడు ఈ ఒక్కటీ ఆయన చేయాలి.

మీరు నాలుగైదు కిలోలు తగ్గినా మంచిదే. కానీ పూర్తిగా తగ్గాకే చికిత్స అనుకుని ఏడాది పోగొట్టుకోకండి, మీ వయసులో ఆ ఏడాది బరువుకన్నా విలువైనది. థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఈలోపే అయిపోవాలి. ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టండి, మోతాదు మీ డాక్టరు చెబుతారు.

పిండం పెట్టాక మంచం దిగవద్దని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. అలా పడుకున్నందువల్ల ఫలితం మెరుగుపడదని అధ్యయనాల్లో తేలింది. మామూలు ఇంటి పనులు చేసుకోవచ్చు. ఒకవేళ ఈసారి నిలవకపోతే, అది మీరు మెట్లెక్కినందువల్ల కాదు.